మూల సిస్టమ్ మొండికేసింది

నంద్యాల,
జూలై 2002

మామకు నీ ప్రసన్న రాసేది,

నిన్న ఎస్టీడీ బూతులో వెనకాల జనం నిలబడి ఉంటే చెప్పలేకపోయాను. జావా పరీక్ష పోయింది మామా. ప్రోగ్రాం ఒక్క తప్పు లేకుండా కంపైల్ అయింది, అంటే సిస్టమ్‌కు అర్థమయ్యే క్లాసు ఫైలుగా మారింది. తీరా నడిపిస్తే, క్లాసు దొరకలేదని ఎర్రర్! ఫైలు నా కళ్ల ముందే ఉంది, అది మాత్రం లేదంటుంది. నేను రోజూ కూచునే సిస్టమ్‌లో ఎప్పుడూ ఇట్లా కాలేదు. పరీక్షకు మూలనున్న సిస్టమ్ ఇచ్చారు.

సార్ అందరి ముందూ, "సొంతంగా రాసింటే ఎందుకు రాల్యాదో చెప్పు. యాడనో కాపీ కొట్టింటావ్. పెండ్లయినదానివి, ఇంటికి పోయి వంట చేసుకోపో" అన్నాడు. ఆ ఎర్రర్‌ను ఉన్నదున్నట్టు నోట్‌బుక్‌లో రాసుకుని వచ్చేశాను.

ఫెయిలైతే ఆదివారం వచ్చి తీసుకుపోతానన్నావు కదా. వంట నాకు వచ్చు, ఆయన చెప్పనక్కర్లేదు. ఆ ఎర్రర్ ఎందుకొచ్చిందో తేల్చందే నేను ఆళ్లగడ్డ బస్సెక్కను.

నీ మొండి పెళ్లాం,
ప్రసన్నకుమారి

నంద్యాల,
శుక్రవారం

మామకు,

తేల్చేశాను! క్లాసుల కోసం ఎక్కడెక్కడ వెతకాలో ప్రతి సిస్టమ్‌లోనూ రాసి ఉంటుంది. దాన్ని క్లాస్‌పాత్ అంటారు. మూల సిస్టమ్‌లో ఎవరో డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఎక్కించినప్పుడు, అందులో దాని చోటు ఒక్కటే మిగిలింది. మనమున్న ఫోల్డర్‌లోనూ చూడమని చెప్పే చుక్క ఎగిరిపోయింది. కంపైల్‌కు ఫైలు పేరు నేనే ఇస్తాను కాబట్టి అది జరిగింది. నడిపించేటప్పుడు అది క్లాస్‌పాత్‌లో ఉన్న చోటే వెతికి, లేదంది.

ఊరికే చెబితే సార్ వింటాడా? అందుకే, "సార్, మీరు మొదటిరోజు నేర్పించిన ప్రోగ్రాం ఈ సిస్టమ్‌లో ఒకసారి ఎయ్యండి" అన్నాను. వేశాడు. అదే ఎర్రర్!

"మీరు యాడ కాపీ కొట్టినారు సార్?" అని అడిగేశాను. క్లాసంతా ఒకటే నవ్వు. నేను చుక్క చేర్చాను. ఆయనదీ నడిచింది, నాదీ నడిచింది.

ఆయన తల గీరుకున్నాడు. "ఆ సాఫ్ట్‌వేర్ పరీక్షకు ముందు నేనే ఎక్కిస్తినమ్మా. తప్పు నాదే. నువ్వు పాసైనావ్. వచ్చే బ్యాచ్‌కు ల్యాబ్ నువ్వే చూడు" అన్నాడు. ఆ వంట మాట కూడా వెనక్కి తీసుకోమన్నాను. అందరి ముందే తీసుకున్నాడు. నాకెంత సంతోషమైందో చెప్పలేను మామా.

ఆదివారం తప్పకుండా రా. తీసుకుపోవడానికి కాదు. వచ్చేటప్పుడు అటక మీది పరుపు కట్టుకుని రా. ఇన్నాళ్లూ పోయేదాన్నే కదా అని చాప మీద పడుకున్నాను.

నీ ల్యాబ్ మేడం,
ప్రసన్నకుమారి