గడప లేని చోటు

ఏమండీ, అన్నం కుండలో ఉంది. చేపల పులుసు పొయ్యి పక్కన మూతపెట్టి ఉంచాను. తినగానే వెళ్ళి వెదుళ్ళు కొట్టుకురండి. లేతవే చూడండి, ముదురు బొంగులో వండితే కోడికి రుచి పట్టదు. పడవ ఇంజనులో నూనె పోయించడం మరవకండి.

చుట్టాలందరం కలిసే చోటు కుదిరింది. కుటుంబాలన్నీ ఒకే కప్పు కింద ఉండే మన పొడుగింటి వసారా కాదు, మీ తమ్ముడు చెప్పిన అడవి రిసార్టూ కాదు. పై ఏట్లో, అడవి నడుమ ఉన్న గులకరాళ్ళ తిన్నె! పోయినసారి పందిమాంసం పంపకంలో మాటా మాటా వచ్చి, "ఇక నీ గడప తొక్కను" అని వెళ్ళిపోయిన మీ అక్క మెంగ్గా కూడా వస్తానంది.

నిన్న వెళ్ళి అడిగితే నవ్వేసింది. "తిన్నెకు గడపెక్కడిది? ఏరేమన్నా వాడి అబ్బ సొమ్మా? అయినా వాడి అబ్బ నాకూ అబ్బేగా!" అంది. నా గుండెల మీద బరువు దిగిపోయింది.

వసారా వదిలితే పరువు పోతుందని మీరు మొండికేయకుంటే, కూతురి కోసం అత్తయ్య కళ్ళు ఇన్నాళ్ళు కాయలు కాచేవి కావు. సరే, ఇప్పుడెందుకులెండి. ఆవిడ పొద్దుటినుంచి పూసల దండ తుడుచుకుంటూనే ఉన్నారు. ఆవిణ్ణి వెంటబెట్టుకుని టార్పాలిన్లు కొనడానికి సంతకు వెళ్తున్నాను.

లుంగిట్

మరిచాను. తిన్నె దగ్గర రాళ్ళు నాచుపట్టి జారుతున్నాయి. వదిన పడవ దిగేటప్పుడు చెయ్యి అందించాల్సింది మీరే. ఇంకెవరినీ దగ్గరికి రానివ్వను.