చప్పుడు లేని ముద్రకు అనుమతి కోరుతూ

కార్యాలయాధికారి వారి సముఖమునకు, కింది అంతస్తు ముద్రల గుమాస్తా సమర్పించుకొను అర్జీ.

విషయం: టెన్నిస్ ఎల్బో అను మోచేతి నొప్పి – కొట్టే ముద్రకు బదులు ఒత్తే ముద్ర మంజూరు గురించి.

అయ్యా,

1. నేను పద్నాలుగేళ్లుగా రోజుకు సుమారు ఆరువందల కాగితాలకు ముద్ర కొట్టుచున్నాను. కిటికీ దగ్గర నిలబడిన జనానికి దభీమని వినిపిస్తే గానీ పని అయినట్టు కాదు. పై అంతస్తులోని తమరికీ అంతేనని, చప్పుడు తగ్గినప్పుడల్లా "కింద నిద్రపోతున్నారా?" అని ఫోను చేయుటను బట్టి విదితమగుచున్నది.

2. నాలుగు నెలలుగా నా కుడి మోచేతి బయటివైపు నిప్పు పెట్టినట్టున్నది. మణికట్టును లేపే కండరం మోచేతి ఎముకకు అతుక్కునే చోట, చేసిన పనే చేసి చేసి దెబ్బతిన్నదని డాక్టరమ్మ సెలవిచ్చినారు. "కొట్టడం మానేసి మెల్లగా ఒత్తండి. బరువెత్తితే అరచేయి పైకి పెట్టి ఎత్తండి. మోచేతి కింద పట్టీ కట్టుకోండి. చిన్న నీళ్ల సీసా పట్టుకుని మణికట్టును నిదానంగా దించుతూ వ్యాయామం చెయ్యండి. నెలలు పడుతుంది, ఓపిక పట్టాలి" అన్నారు. ఓపికకు తమ అనుమతి అక్కరలేదు గనుక అది వెంటనే మొదలుపెట్టినాను.

3. ఒత్తే ముద్ర కొరకు దరఖాస్తు పెట్టగా "గాంభీర్యము చాలదు" అని తిరస్కరించినారు. ఆ తిరస్కరణ మీద ముద్ర కొట్టినది కూడా నేనే. మూడు ప్రతులు.

4. ఇది కార్యాలయమునకు సంబంధించని విషయము. నా భార్య పొద్దున్నే డ్యూటీకి పోవును గనుక ఏడేళ్ల మా అమ్మాయికి జడ వేయుట నా వంతు. పాయ బిగించబోతే చేయి పట్టు తప్పి, జడ బడి గేటు దాటకముందే ఊడిపోయేది. పోయిన నెల అది నా చేతిలో దువ్వెన తీసుకుని "జుట్టు కత్తిరించేద్దాంలే నాన్నా, నీకు నొప్పుండదు" అన్నది. నడుము దాకా ఉన్న జుట్టయ్యా. దానికి అదంటే ప్రాణం. నెల ఆగమని బతిమాలుకున్నాను. నాకు ఏడుపొచ్చింది. ఈ చివరి వాక్యమును పరిగణనలోకి తీసుకొననవసరము లేదు.

5. కావున తమరు తీరిక చేసుకుని, నా మోచేతికి తీరిక లేదని ఎరిగి, చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ముద్రల గుమాస్తా
(సంతకం ఎడమచేత్తో)

తా.క. దాచి లాభం లేదు. మూడు వారాలుగా నేను సొంతంగా తెచ్చుకున్న ఒత్తే ముద్రే వాడుతున్నాను. తమరు వింటున్న చప్పుడు పక్క బల్ల రికార్డుల అక్కది. "నువ్వు మెల్లగా ఒత్తుకో తమ్ముడూ, మోత సంగతి నేను చూసుకుంటా" అని పాత రిజిస్టరుతో బల్ల మీద బాదుతోంది. "ముద్రల విభాగంలో చురుకు పెరిగింది" అని తమరు పంపిన మెచ్చుకోలు కాగితం ఆమెకే ఇచ్చేశాను. నిన్న మా అమ్మాయి జడ సాయంత్రం దాకా ఊడలేదు. కత్తెర మాట కూడా ఎత్తలేదు. కానీ నిన్నటి నుంచి అక్క టీ గ్లాసు ఎడమచేత్తో ఎత్తుతోంది. అందుకని అనుమతి ఇద్దరికీ ఇప్పించండి. నాకు మెల్లగా ఒత్తడానికి, ఆమెకు ఊరికే కూర్చోవడానికి.