నా ఎడమ కన్ను మీద మోపిన నేరం

పరీక్షల నియంత్రణాధికారి గారి సముఖమునకు,

డిగ్రీ మూడో సంవత్సరం గణాంకశాస్త్ర విద్యార్థి సవినయంగా రాసుకొనునది.

అయ్యా,

విషయం: ఆన్‌లైన్ పరీక్షలో నా చూపు పక్కకు పోయినదని నన్ను కాపీదారుగా నమోదు చేసి, ఏడాదిపాటు పరీక్షలకు అనర్హునిగా ప్రకటించుట – సదరు చూపు పుట్టినప్పటినుంచీ పక్కకే పోవుచుండుట – న్యాయం కోరుట గురించి.

పై విషయమై తమకు మనవి చేయునది ఏమనగా:

1. నాకు మెల్లకన్ను. కుడి కన్ను నేరుగా చూచును. ఎడమ కన్ను దారి దానిది. ఆరేళ్ల వయసులో ఆపరేషన్ చేయించారు, సగమే సర్దుకుంది. బళ్లో పిల్లలు నన్ను ‘రెండు చానెళ్లు’ అని పిలిచేవారు. కాలేజీకొచ్చాక ఆ గోల తప్పింది. ఇక్కడ ఎవరి ఫోన్లో వాళ్లు తల దించుకుని ఉంటారు కనుక ఎదుటివాడి కన్ను ఎటుందో పట్టించుకునే తీరిక ఎవరికీ లేదు. ఆ ఒక్క విషయంలో ఫోన్లకు నేను రుణపడి ఉన్నాను.

2. గత నెల చివరి సెమిస్టర్ పరీక్షను ఇంటినుంచి, కెమెరా ఎదుట రాయవలెనని ఉత్తర్వు వచ్చింది. గదిలో రెండో మనిషి ఉండరాదు, చప్పుడు వినబడరాదు. మా ఇంట్లో ఉన్నది ఒకే గది. అందులో మా అక్క కుట్టుమిషన్. అక్క ఆ పూట మిషన్ ఆపి, స్టూలు తీసుకుని గుమ్మం బయట కూర్చుంది.

పది గంటలకు పరీక్ష మొదలైంది. నాలుగో నిమిషంలో ల్యాప్‌టాప్ కీచుమంది. “మీ చూపు తెర మీద లేదు. మొదటి హెచ్చరిక.” నేను తెరనే చూచుచుంటిని. ఆరో నిమిషంలో రెండోది. తల కొంచెం ఎడమకు తిప్పితే రెండు కళ్లూ ఒకే దారికి వచ్చినట్టుంటాయి, అలా తిప్పాను. “ముఖం నేరుగా ఉంచండి.” సరే, అరచేత్తో ఎడమ కన్ను మూసుకున్నాను. “చేతులు కనబడేలా ఉంచండి.”

బయటనుంచి అక్క అడిగింది: “ఏంట్రా ఆ కూతలు? పరీక్ష అంటే ఇలాగేనా?”

జవాబిస్తే మాట వినబడుతుంది. ఊరుకుంటే అక్క లోపలికొస్తుంది. చివరికి పెదవి కదపకుండా, “కన్ను అక్కా, కన్ను” అన్నాను. “గదిలో సంభాషణ గుర్తించబడింది.”

మా అక్కకు చెప్పింది అర్థమవడానికి క్షణం పట్టదు. ఎవరి జాకెట్టుకో తెచ్చిన నల్ల లైనింగు ముక్క కత్తిరించి, చేతిసూదితో రెండు పక్కలా నాడా కుట్టి, తలుపు సందులోంచి లోపలికి విసిరింది. కంటికి కట్టుకున్నాను. రెండు నిమిషాలు నిజంగానే కూత ఆగింది. మొదటినుంచీ కలిపి అప్పటికి అరవైలో ఇరవై మూడు ప్రశ్నలు అయ్యాయి. ఇరవై నాలుగోది, ఒక యంత్రం మంచి సరుకును చెడ్డదని తప్పుగా తీసిపారేసే సంభావ్యత ఎంత అని. ఆ లెక్క నాకు వచ్చు. పెన్సిల్ తీసుకునేలోపు, “అభ్యర్థి ముఖం నమోదైన ఫొటోతో సరిపోలడం లేదు” అని వచ్చి తెర నల్లబడింది.

అక్క లోపలికొచ్చి, ఆ నల్ల తెర చూసి, నా కంటికున్న గుడ్డ చూసి, “నావల్లేనేంట్రా?” అంది. కాదన్నాను. ఒకటికి పదిసార్లు అన్నాను. సాయంత్రందాకా అక్క మిషన్ దగ్గరికి పోలేదు. అయ్యా, తమ నిబంధనావళిలో దీనికి ఏ శిక్ష ఉన్నదో నాకు తెలియదు.

3. మరునాడు ‘మాల్‌ప్రాక్టీస్’ జాబితాలో నా రోల్ నంబరు వచ్చింది. అరవై నాలుగుమంది ఉన్న మా తరగతి గ్రూపులో పెట్టారు. ఎవరూ ఒక్క ముక్క మాట్లాడలేదు. ఒకడు మాత్రం విడిగా మెసేజ్ పెట్టాడు: “గురూ, ఎలా చేశావ్? మాక్కూడా చెప్పు.” అందరిలోకీ నాతో మర్యాదగా మాట్లాడినవాడు వాడే.

4. అప్పీలు యాప్ ద్వారా మాత్రమే స్వీకరించబడునని తెలిసి, కళ్ల డాక్టరు చీటీ జతపరిచి అందులో పెట్టుకున్నాను. “మీ బాధ మాకు అర్థమైంది” అని ఒక్క క్షణంలో జవాబు వచ్చింది. అంత త్వరగా నా బాధ అర్థమైనవాళ్లు ఇంతవరకూ లేరు. ఆపైన, అప్పీలు చేస్తున్నది నేనేనని నిర్ధారించుటకు కెమెరా వైపు నేరుగా చూడమన్నది. చూశాను. “నేరుగా చూడండి.” పద్నాలుగుసార్లు చూశానయ్యా. నాకు మెల్లకన్ను ఉన్నదని చెప్పుకోవాలంటే ముందు నాకు మెల్లకన్ను లేదని రుజువు చేయాలట! ఇదెక్కడి న్యాయం? దీన్ని తయారుచేసినవాళ్ల ఇళ్లలో అందరి కళ్లూ చక్కగానే ఉంటాయా? క్షమించాలి. ఈ వాక్యాలు కొట్టేద్దామనుకున్నాను, కాగితం మురికవుతుందని వదిలేశాను.

5. ఈ రోజు స్వయంగా తమ కార్యాలయమునకు హాజరైతిని. కౌంటర్లో ఉన్న మేడమ్ తల ఎత్తకుండానే, “యాప్‌లో పెట్టుకో బాబూ” అన్నారు. జరిగింది చెప్పడం మొదలుపెట్టాను. మధ్యలో తల ఎత్తి, “అటు ఎవర్ని చూస్తున్నావ్? నాతో మాట్లాడు” అని కసిరారు.

“మీతోనే మేడమ్. మిమ్మల్నే చూస్తున్నాను.”

ఆవిడ కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకుని చాలాసేపు చూశారు. “అయ్యో, నాకు కనబడుతోంది నాయనా,” అన్నారు. “కానీ నేను చూశానని రాయడానికి ఇందులో గడి లేదు.” తర్వాత సొరుగంతా వెతికి ఒక తెల్లకాగితాల కట్ట తీసి, “చేత్తో రాసివ్వు. ఏమంటారో చూద్దాం. బయట బెంచీ మీద మీలాంటివాళ్లు ఇంకా ఉన్నారు,” అన్నారు.

ఉన్నారు, ఆరుగురు. ఒకమ్మాయికి చెయ్యి వణుకు, మౌస్ కదలిక అనుమానాస్పదమట. ఒకతనికి పైకి చదివితేగాని ప్రశ్న బుర్రకెక్కదు. ఒకావిడకు నెలల బిడ్డ, పక్కింట్లో పడుకోబెట్టి వచ్చినా ఏడుపు ఇటు వినబడింది. ముఖం కాలిన ఒకతను జరిగి నాకు చోటిచ్చాడు. మూడేళ్లు ఒకే కాలేజీలో, ఒకే గ్రూపుల్లో ఉన్నాం. ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం ఇదే మొదటిసారి.

కావున తమరు దయతలచి, నాకు అదే పరీక్షను మనిషి ఎదుట, కాగితం మీద రాయుటకు అనుమతించవలెను. పర్యవేక్షకులు ఎంత కఠినులైనా సమ్మతమే, మనిషైతే చాలు. ‘మాల్‌ప్రాక్టీస్’ అను మాటను ఏ గ్రూపులో పెట్టారో ఆ గ్రూపులోనే వెనక్కు తీసుకోవలెను. ఈ మనవిని యాప్‌కు పంపక, స్వయంగా, తమ రెండు కళ్లతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
హాల్ టికెట్ రద్దయిన విద్యార్థి

తాజా కలం: మేడమ్ అటక మీదినుంచి పాత ఇన్వర్డ్ రిజిస్టరు దింపించి, దుమ్ము దులిపి, నా అర్జీ మీద ముద్ర వేశారు. ఈ ఏడాదికి నంబరు ఒకటి. మిగతా ఆరుగురూ రాస్తున్నారు. అయితే మా ఏడుగురికీ కలిపి ఒక్క పెన్నే ఉంది, ఎవరమూ పెన్ను పెట్టుకుని తిరిగే అలవాటున్నవాళ్లం కాము. వణికే చెయ్యి అమ్మాయిది సగమైంది. ఆలస్యమవుతుంది సార్. దయచేసి గదిలోనే ఉండండి.