ఊరేగింపులో ఆమేన్

ఖమ్మం, జనవరి 1991

అమ్మా, వందనాలు. ఊరేగింపులో నన్నెవరూ కొట్టలేదు, బెంగపడకు.

గల్ఫ్‌లో యుద్ధం వద్దని నిన్న ఎర్రజెండా పార్టీవాళ్లు ఊరేగింపు తీశారు. తమ్ముడు జకర్యా సౌదీలోనే ఉన్నాడని మా చర్చి ఆడవాళ్లంతా నాతో వచ్చారు. ముందు నడిచే నాయకుడు "యుద్ధం ఆగాలి!" అంటే మేం "శాంతి కావాలి!" అనాలి. మావాళ్లు అలవాటు కొద్దీ "ఆమేన్!" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. దేవుణ్ణి నమ్మని ఆ మనిషి వెనక్కి తిరిగి, "గట్లనే అనుండ్రమ్మా, మావోళ్లకు గంత గొంతు లేదు" అన్నాడు. బస్టాండు దాటేసరికి జెండాలు పట్టినవాళ్లు కూడా ఆమేన్ అంటున్నారు.

గొంతు బొంగురుపోయింది. మన ములకలపల్లి నుంచి ఎవరైనా ఇటు వస్తే కాస్త అడవి తేనె పంపు. ఆవు ఈనిందా? తమ్ముడి ఉత్తరం వస్తే జల్దీ కబురు చెయ్యి. పొద్దుగూకాక వాడి పేరెత్తి ప్రార్థన చెయ్యి. ఇక్కడ నేను ఆమేన్ అంటాను, గట్టిగానే.

నీ కూతురు
విశ్రాంతమ్మ