యంత్రమూ వద్దు, సూదీ వద్దు

పెద్దోడికి,

అస్సలాము అలైకుం. ఇక్కడ నేను తప్ప అందరూ కులాసా. అక్కడ నువ్వూ కోడలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

అన్నం సయిస్తోందా అని అడిగావు. జావ దిగుతోంది, మెతుకు దిగడం లేదు. డ్రైవింగ్ స్కూలు మూసేశారా అనీ అడిగావు. ఎందుకు మూస్తాం? నీ చెల్లెలు నేర్పుతోంది. అచ్చం నాలాగే తిడుతుందట. నేర్చుకునేవాళ్లకు నేను లేని లోటే తెలియడం లేదు.

ఇక అసలు సంగతి. క్యాన్సరు ఊపిరితిత్తులంతా పాకిందనీ, శ్వాస ఆడనప్పుడు వెంటిలేటరు పెడితే కొన్నాళ్లు లాగవచ్చు గానీ బాగుచేయలేమనీ డాక్టరమ్మ దాపరికం లేకుండా చెప్పింది. నేను వద్దన్నాను. "అది ఆత్మహత్యే, హరామ్" అని నువ్వు రాశావు. మీ మామయ్య నీకు వంత పాడాడు. పెద్దమనిషిలా మంచం పక్కన నిలబడి, "నరకానికి పోతావే!" అన్నాడు.

"దారి నీకెలా తెలుసురా?" అన్నాను.

నీ చెల్లెలిచేత కారు తీయించి, మతం ఏమంటుందో తేల్చి చెప్పే ముఫ్తీగారి ఇంటికి వెళ్లాను. మామయ్య కూడా వెనక సీటులో ఎక్కాడు, తనే గెలుస్తానన్న ధీమాతో.

ముఫ్తీగారు అంతా విని, "ప్రాణం అల్లాహ్ భద్రంగా దాచమని మనకు అప్పగించిన సొత్తమ్మా, అమానత్. తీసే హక్కు నీకూ లేదు, డాక్టరుకూ లేదు. కానీ నయం చేయని వైద్యం వద్దనడం ప్రాణం తీసుకోవడం కాదు. మతం చదువుకున్న ఆలిమ్‌లందరిదీ ఒకే మాట కాదు గానీ, చాలామంది చెప్పేది ఇదే. తిండీ నీళ్లూ మాత్రం మానకు" అన్నారు.

"మరి నొప్పి మందు? దానివల్ల ఆయుష్షు తగ్గితే?"

"నొప్పి తగ్గాలన్న నియ్యత్‌తో, ఆ ఉద్దేశంతోనే, డాక్టరు చెప్పిన మేరకు వాడుకో. చావాలన్న నియ్యత్‌తో చుక్క కూడా వద్దు."

తిరిగి వచ్చేటప్పుడు మామయ్య కిటికీలోంచి బయటికే చూశాడు.

నీకు చెప్పని మాట ఒకటుంది. ముఫ్తీగారిని అంత గుచ్చిగుచ్చి అడిగింది ఊరికే కాదు. అంతకు ముందు వారం మధ్యాహ్నం పూట నొప్పి వచ్చింది. దుప్పటి కొరికాను. నీ చెల్లెలి చెయ్యి పట్టుకుని, "సూదిమందు అంతా ఒకేసారి ఎక్కించెయ్యవే, నీ కాళ్లు మొక్కుతాను" అన్నాను. అవును, నేనే అన్నాను.

అది ఆ మందు సీసా తీసుకెళ్లి బీరువాలో పెట్టి తాళం వేసింది. వచ్చి పక్కన కూర్చుంది. "అమ్మా, నొప్పి తీసెయ్యమను, తీసేస్తా. నిన్ను తీసెయ్యమనకు" అంది. అప్పటికప్పుడు డాక్టరమ్మకు ఫోను చేసి పోట్లాడి మోతాదు పెంచించింది. సాయంత్రానికి నొప్పి దిగింది. మంచం మీద ఎండ పడుతుంటే, ఇంకా బతకాలనిపించింది. నేను వదిలించుకోవాలనుకున్నది నొప్పినే, నన్ను కాదు.

అందుకే చెబుతున్నాను, విను. నన్ను ముందుకు తోయడానికి ఎవరికీ హక్కు లేదు, నాకు కూడా. పోవాల్సిన ఘడియ వచ్చాక గొంతులో గొట్టం దూర్చి వెనక్కి లాగడానికి నీకూ లేదు. డాక్టరమ్మతో ఈ మాటే మామయ్య ఎదుట గట్టిగా చెప్పేశాను. వాడు గొణిగాడు. గొణగనీ.

నువ్వు రా. వాదించడానికైతే మామయ్య చాలు. ఊరికే కూర్చోవడానికి రా. జావ తాగించు, ఒలికితే తుడువు. నాకు ఊపిరి ఆగినప్పుడు యంత్రం కోసం పరిగెత్తకుండా, నా చెయ్యి పట్టుకుని చెవిలో కలిమా చదివే ధైర్యం తెచ్చుకుని రా.

ఇట్లు,
ఎవరి మాటా వినని మీ అమ్మ