అద్దం ముందు అబద్ధం

తమ్మీ,

మూడు గంటల బస్సుకు పోయే ముందు అంగి నువ్వే ఇస్త్రీ చేసుకో, నేను చెయ్య. జొన్నరొట్టెలు గుడ్డల చుట్టిపెట్టిన. నేను గాజులు పట్టుకొని కల్హేర్ అంగడికి పోతున్న.

పొద్దున అద్దం ముందట నిలబడి ఎంబీఏ ఇంటర్వ్యూల చెప్పేటియి చదువుతుంటివి. అంతా విన్న. మన గాజుల దుకాణం మూతపడబోతుంటే రెండేండ్లు నువ్వు నిలబెట్టినవా? గా రెండేండ్లు నువ్వు కోచింగ్ అని హైదరాబాద్‌ల ఉంటివి. రోజూ షట్టర్ లేపింది నేను. "మా అక్క" అనే మాట ఒక్కసారన్న నీ నోట వచ్చిందా? సిగ్గుండాలె.

కృప

ఇగో, ఏ సైజు గాజులు ఎక్కువ పోతయని అడుగుతరేమో. రెండు ఆరు అని చెప్పు. గది నీకెట్ల తెలుసంటే మాత్రం నా పేరు చెప్పు.