హాల్లో అస్కాల బొమ్మ

అక్కా,

మా మేడమ్ దేవతలాంటిదని, నీ కూతురు శ్రీదుర్గని కూడా ఈ ఇంట్లోనే పనికి పెట్టమని రాశావు. పంపకు. ఆ దేవత సంగతి చెబుతాను, విను.

పోయిన నెల మేడమ్ రంగులతో వేసిన పెద్ద బొమ్మ ఒకటి కొని హాల్లో గోడకి పెట్టించింది. చూడగానే చేతిలో ట్రే కింద పెట్టి దగ్గరికి వెళ్లాను. అందులో ఉన్నది అస్కాల! పదకొండేళ్లు ఇదే వంటింట్లో పనిచేసి, నాకు పని నేర్పి, జబ్బుతో తన దేశం ఇథియోపియా వెళ్లి చనిపోయిన మనిషి. మేడమ్ మాత్రం వచ్చినవాళ్లందరికీ, "ఆ కళ్లలో ఎంత లోతుందో చూడండి" అని చెప్పేది. పదకొండేళ్లు ఆ చేతి కాఫీ తాగి, ఒక్కసారైనా ఆ మొహంలోకి చూడని మహాతల్లి!

శుక్రవారం విందుకి ఆ బొమ్మ వేసిన మెరోన్‌ని పిలిచింది. తన వాళ్ల జ్ఞాపకాలే బొమ్మలుగా వేస్తుందట, మంచి పేరుంది.

"ఈవిడెవరు? మీ పల్లెటూరి ఆవిడా?" అని అడిగింది మేడమ్.

"మా అమ్మ. మీ వంటమనిషి," అంది మెరోన్.

మేడమ్ నవ్వబోయింది, నవ్వు రాలేదు. నన్ను పిలిచి, "దీన్ని తీసి స్టోర్‌రూమ్‌లో పెట్టెయ్" అంది. సిగ్గుపడాల్సింది పోయి, బొమ్మ మీద కోపం!

"నేను తియ్యనండి. కావాలంటే మీరే తియ్యండి," అనేశాను.

మెరోన్ నా వెనకే వంటింట్లోకి వచ్చి, అమ్మ ఎక్కడ పడుకునేదని అడిగింది. వాషింగ్ మెషీన్ పక్కన జాగా చూపించాను. మెరోన్ చిన్నప్పుడు గీసి పంపిన బొమ్మలన్నీ అస్కాల ఆ గోడకే అంటించుకునేది. జిగురు మరకలు ఇంకా ఉన్నాయి. మెరోన్ వాటిని వేలితో తడుముతూ కింద కూర్చుండిపోయింది. నేనూ పక్కన కూర్చున్నాను. హాల్లోంచి మేడమ్ పిలుస్తూనే ఉంది. ఇద్దరం లేవలేదు.

నీ చెల్లెలు